పుస్తకపు అంచున పాఠకుని చేతిరాత: గోదావరి డెల్టా గ్రంథసంస్కృతిలో టిప్పణి సంప్రదాయం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పుస్తకంలో రాయడం సరస్వతికి అపచారమని తెలుగు ఇళ్లలోనూ బడులలోనూ పిల్లలకు నేర్పుతారు. ఇది అనాదిగా వస్తున్న నియమమని చాలామంది నమ్మకం. అయితే తాళపత్రాల కాలం నుంచీ తెలుగు గ్రంథసంప్రదాయం పాఠకుని చేతిరాతకు చోటిస్తూనే వచ్చింది. ఆ రాతకు ప్రత్యేకమైన చిహ్నాలు, పేర్లు, మర్యాదలు కూడా ఏర్పడ్డాయి. నేడు మనం పాటించే నిషేధం పవిత్రభావన కన్నా ఎక్కువగా, ఉమ్మడి ఆస్తిగా పుస్తకాన్ని చూసిన ఆధునిక గ్రంథాలయం నుంచి బలం పొందిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రాజమహేంద్రవరం, కాకినాడ కేంద్రాలుగా గోదావరి డెల్టా గ్రంథసంస్కృతిని ప్రధానంగా తీసుకొని, అంచురాతల స్వభావాన్ని, పాఠపరిష్కరణలో వాటి పాత్రను, వాటిని నమోదు చేయవలసిన పద్ధతిని వివరిస్తుంది.

కీలకపదాలు: టిప్పణి, హంసపాదం, పాఠాంతరం, తాళపత్రం, గ్రంథాలయోద్యమం, సి.పి. బ్రౌన్, గౌతమీ గ్రంథాలయం.

1. ఉపోద్ఘాతం

పాఠకుడు తాను చదివే పుస్తకంలోనే రాసిన రాతలను ఈ వ్యాసంలో 'అంచురాతలు' అని వ్యవహరిస్తున్నాను. పుట అంచున రాసిన వ్యాఖ్య, పంక్తుల నడుమ రాసిన అర్థం, అక్షరదోషానికి చేసిన సవరణ, పద్యం పక్కన గీసిన గీత, ముఖపత్రం మీది సంతకం - ఇవన్నీ ఈ మాటలోకి వస్తాయి. రచయిత లేదా ప్రచురణకర్త అచ్చులో చేర్చిన అధస్సూచికలు ఇందులోకి రావు.

తెలుగులో గ్రంథకర్తల గురించి, గ్రంథాల గురించి విస్తారమైన పరిశోధన జరిగింది. ఆ గ్రంథాలను చదివినవారి గురించి జరిగినది స్వల్పం. ఇందుకు ఒక కారణం ఆధారాల స్వభావం. చదువు సాధారణంగా జాడ వదలని పని. ఆ పని జాడ వదిలిన కొద్దిచోట్లలో పుస్తకపు అంచు ఒకటి. ఒక కావ్యాన్ని ఒక తరం ఎలా అర్థం చేసుకున్నదో, ఎక్కడ తడబడిందో, ఏ పద్యం దగ్గర ఆగిందో చెప్పగల సాక్ష్యం అక్కడ దొరుకుతుంది.

2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందున్న ఉభయగోదావరి జిల్లాల డెల్టా ప్రాంతం ఈ పరిశీలనకు అనువైన క్షేత్రం. నన్నయ భారతానికి పుట్టిల్లయిన రాజమహేంద్రవరం, ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థిరపడిన కాకినాడ, వేదశాస్త్రాధ్యయనానికి పేరుపొందిన కోనసీమ అగ్రహారాలు, పౌర గ్రంథాలయాలు తొలినాళ్లలోనే వెలసిన పట్టణాలు ఇక్కడ ఉన్నాయి. తాళపత్రం, కాగితపు రాతప్రతి, అచ్చుపుస్తకం, గ్రంథాలయ ప్రతి అనే నాలుగు దశలూ ఒకే నేలమీద కనిపిస్తాయి.

2. పవిత్రభావన నిషేధించేది ఏమిటి?

పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోవడం, దానిని నేలమీద పెట్టకపోవడం, నవరాత్రులలో మూలా నక్షత్రం నాడు పుస్తకాలను అమ్మవారి ముందుంచి పూజించడం నేటికీ ఉన్న ఆచారాలు. ఈ భావన కింద పుస్తకంలో రాయడం కూడా అపచారమే అనిపించడం సహజం. కానీ ఆచారాలను నిశితంగా గమనిస్తే మరొక చిత్రం కనిపిస్తుంది. కొత్త పుస్తకం చేతికి రాగానే మొదటి పుటమీద 'శ్రీ' రాసేవారు, కొత్త చిట్టా పుస్తకానికి పసుపు పెట్టి శ్రీకారం చుట్టేవారు. అక్షరాభ్యాసంలో బియ్యంమీద బిడ్డచేత రాయించడమే సరస్వతికి చేసే తొలి అర్చన. అంటే రాత అపవిత్రమన్న భావం మన సంప్రదాయంలో లేదు. పవిత్రభావన నిషేధించినది కాలి స్పర్శను, ఎంగిలి చేతిని, నిర్లక్ష్యాన్ని. శ్రద్ధతో చేసిన రాతను అది నిషేధించలేదు.

రాతమీద సంప్రదాయానికి అనుమానం ఉన్నమాట నిజమే. అది వేరే కోణం నుంచి వచ్చింది. వేదాధ్యయనంలో విద్య నోటికి రావాలి. పాణినీయశిక్ష అధమ పాఠకులను ఆరుగురిని లెక్కించి, రాసుకున్నది చూసి చదివేవాడిని వారిలో ఒకడిగా చేర్చింది. పుస్తకంలో ఉన్న విద్య పరుల చేతిలోని డబ్బు వంటిదని, అవసరానికి అందదని చెప్పే సుభాషితం కూడా ప్రసిద్ధమే. ధారణకు పట్టం కట్టిన అవధాన విద్య గోదావరి సీమలో తిరుపతి వేంకట కవుల కాలానికి జనాదరణ శిఖరాన్ని అందుకున్నది. ఇటువంటి వాతావరణంలో టిప్పణి రాసుకోవడం ధారణలోపానికి గుర్తుగా కనబడవచ్చు. ఇక్కడి అభ్యంతరం పుస్తకం పాడవుతుందని కాదు, బుద్ధి పుస్తకానికి బానిస అవుతుందని. ఈ రెండు అభ్యంతరాలను వేరుచేసి చూడకపోవడం వల్లనే మన ఆలోచనలో చాలా గందరగోళం ఏర్పడింది.

3. తాళపత్రంలో సవరణ: హంసపాదం

తాళపత్రం అడ్డంగా పొడవైనది, వెడల్పు తక్కువ. పైనా కిందా అంచు దాదాపు ఉండదు. ఖాళీ చోటు కుడి ఎడమ అంచులలోను, తాడు దూర్చే రంధ్రం చుట్టూను మాత్రమే దొరుకుతుంది. పత్రసంఖ్యను అంచున వేస్తారు. గంటంతో గీసిన అక్షరం మొదట కంటికి సరిగా ఆనదు. మసిని, పసరును పట్టించి తుడిచినపుడు గీతలలో నిలిచి స్పష్టమవుతుంది. ఇలా గీసిన అక్షరాన్ని చెరపడం సాధ్యం కాదు. కొట్టివేయవచ్చు, చుక్కలతో గుర్తించవచ్చు, పైన వేరే అక్షరం రాయవచ్చు. తప్పు మాత్రం ఆకుమీద మిగిలే ఉంటుంది.

పొరపాటున విడిచిన అక్షరాన్ని చేర్చవలసి వచ్చినపుడు లేఖకుడు ఆ చోట ఒక గుర్తు పెట్టి, విడిచిన భాగాన్ని పంక్తికి పైనో కిందో అంచునో రాస్తాడు. ఆ గుర్తే హంసపాదం. 'ఆదిలోనే హంసపాదు' అనే మన జాతీయం ఇక్కడి నుంచి వచ్చినదే. రాయడం మొదలుపెట్టగానే సవరణగుర్తు పడటం ఆ మాటకు మూలార్థం. పని ఆరంభంలోనే ఆటంకం కలగడం దాని వ్యవహారార్థం. గ్రంథలేఖనానికి చెందిన ఒక సాంకేతికపదం నిరక్షరాస్యుల నోట కూడా పలికేంతగా వ్యాపించిందంటే, రాసిన ఆకును దిద్దడం ఎంత సాధారణమైన పనో ఊహించవచ్చు.

లేఖకులు గ్రంథాంతంలో చేర్చే వాక్యాలు కూడా ఈ సందర్భంలో గమనించదగినవి. చేతిరాతలో దొర్లిన తప్పులను సజ్జనులు మన్నించాలని, నూనె నుంచి, నీటి నుంచి, వదులుగా కట్టడం నుంచి పుస్తకాన్ని కాపాడాలని, మూర్ఖుని చేతికి ఇవ్వవద్దని ఆ వాక్యాల సారం. ఎందరో లేఖకులు వీటిని యథాతథంగా రాస్తూ వచ్చారు. పుస్తకానికి శత్రువులుగా అవి పేర్కొన్న జాబితాలో దిద్దే పాఠకుడు లేడు. తప్పులను ఎత్తిచూపగల సజ్జనుడు లేఖకునికి ఆశించదగిన చదువరి.

గ్రంథాంతంలోని కాలసూచన విషయంలో పరిశోధకుడు జాగ్రత్త వహించాలి. ప్రభవాది సంవత్సరనామం మాత్రమే ఉంటే అది 60 ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తుంది. మాసం, తిథి, వారం కూడా ఉన్నపుడు ఆ మూడూ ఏ సంవత్సరంలో కలిశాయో గణితపట్టికలతో సరిచూడాలి. ఎల్.డి. స్వామికన్ను పిళ్లై 1922లో వెలువరించిన పంచాంగ గణితగ్రంథం నేటికీ ఇందుకు ఉపకరిస్తుంది. అంచున తర్వాతి స్వామి రాసిన తేదీని మూలలేఖకుని తేదీగా పొరబడటం గ్రంథసూచికలలో ప్రవేశించగల దోషం. చేతిరాతల భేదాన్ని గుర్తించడమే దీనికి నివారణ.

4. అంచు నుంచి మూలంలోకి: పాఠపరిష్కరణ సమస్య

పంక్తుల మీద రాసిన మాట రెండు రకాలు కావచ్చు. లేఖకుడు విడిచిన మూలపదం కావచ్చు, పాఠకుడు రాసుకున్న అర్థం కావచ్చు. హంసపాదం ఉంటే మొదటిది. లేకుంటే రెండవది అయ్యే అవకాశం ఎక్కువ. ఆ ఆకును చూసి ప్రతి రాసే తర్వాతి లేఖకుడు ఈ భేదాన్ని గమనించకపోతే అర్థం మూలంలోకి చేరిపోతుంది. పాఠాంతరాలు పుట్టే మార్గాలలో ఇది ఒకటి.

తెలుగు కావ్యాలకు ఈ ప్రమాదం అన్నిచోట్లా సమానంగా లేదు. పద్యానికి ఛందస్సు కాపలా కాస్తుంది. ఉదాహరణకు 'అంభోధి' అనే మాటమీద ఎవరో 'సముద్రం' అని అర్థం రాశారనుకుందాం. మొదటిది తగణం, రెండవది యగణం. రెండవది మూలంలో చేరితే గణం చెడుతుంది, తెలిసిన పరిష్కర్త వెంటనే పట్టుకుంటాడు. కానీ 'వారిధి' మీద 'నీరధి' అని రాసి ఉంటే రెండూ భగణాలే. రెండూ హల్లుతోనే మొదలవుతాయి కాబట్టి ముందుమాటతో సంధి కూడా మారదు. ఆ మాట యతిస్థానంలో గానీ ప్రాసస్థానంలో గానీ లేకపోతే మార్పు ఆనవాలు లేకుండా స్థిరపడుతుంది. 'అంబుధి' కూడా భగణమే అయినా అచ్చుతో మొదలవుతుంది. ముందున్న పదాంతంతో సంధి ఏర్పడి అక్షరసంఖ్య మారవచ్చు, కాబట్టి దొరికిపోయే అవకాశం ఉంది. వచనభాగాలకు ఇటువంటి కాపలా ఏదీ లేదు. అందువల్ల చంపూకావ్యాలలో వచనాల పాఠభేదాలను పద్యాల పాఠభేదాలకన్నా ఎక్కువ అనుమానంతో పరిశీలించడం సమంజసం.

పద్యంలో పదానికి ఛందస్సు అడ్డుపడినా, పూర్తి పద్యం చేరడానికి అది అడ్డుపడదు. అంచున పాఠకుడు తనకు గుర్తుకు వచ్చిన సమానార్థక పద్యాన్ని రాసుకుంటే, తర్వాతి ప్రతిలో అది మూలగ్రంథంలో భాగమైపోవచ్చు. ప్రక్షిప్తం అనగానే ఎవరో బుద్ధిపూర్వకంగా చేసిన మోసమనే ధ్వని మన విమర్శలో తరచు వినిపిస్తుంది. అంచురాతల స్వభావం తెలిసినపుడు అన్ని ప్రక్షిప్తాలకూ దురుద్దేశాన్ని అంటగట్టనక్కరలేదని అర్థమవుతుంది. వాటిలో కొన్ని చదువరి శ్రద్ధకు, లేఖకుని తొందరకు కలిగిన సంతానం.

5. బ్రౌన్ రాతప్రతులు: అంచు ఒక చరిత్రాధారం

మచిలీపట్నంలోను, రాజమహేంద్రవరంలోను ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ తాళపత్ర గ్రంథాలను సేకరించి, పండితులను, లేఖకులను నియమించి కాగితంమీదకు ఎక్కించాడు. ఒకే గ్రంథానికి పలు ప్రతులు తెప్పించి పోల్చడం, పద్యాలకు సంఖ్యలు వేయడం, పాఠాంతరాలను గుర్తించడం ఆయన పద్ధతి. ఆ కృషి ఫలితంగానే 1829లో 693 వేమన పద్యాలతోను, 1839లో 1,164 పద్యాలతోను రెండు ముద్రణలు వెలువడ్డాయి. జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో వసుచరిత్ర, మనుచరిత్రలు ఆయన పూనికతోనే అచ్చయ్యాయి.

నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్న బ్రౌన్ ప్రతులలో మూలంతోపాటు ఆయన ఆంగ్లంలో రాసుకున్న గమనికలు ఉన్నాయి. కొన్ని గ్రంథానికి సంబంధించినవి. కొన్ని ఆ ప్రతి ఎక్కడనుంచి వచ్చింది, ఎవరు రాశారు వంటి వివరాలు. మరికొన్ని ఆయన సొంత జీవితానికి చెందినవి. ఈ రాతల విలువను గుర్తించి వెలికితీసినవారు బంగోరెగా ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం చేపట్టిన బ్రౌన్ ప్రాజెక్టులో పనిచేసి, ఆ పుటలలో చెదిరి ఉన్న సమాచారం నుంచి బ్రౌన్ సాహిత్యజీవితాన్ని పునర్నిర్మించారు. అంతకుముందు ఆ సంపుటాలను చూసినవారు కావ్యపాఠం కోసం చూశారు. బంగోరె పుట అంచు కోసం చూశారు. ఒకే పుస్తకం రెండు రకాల ఆధారంగా నిలబడగలదని చెప్పడానికి తెలుగులో ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ప్రపంచచరిత్రలో దీనితో పోల్చదగిన ప్రసిద్ధ సందర్భం ఫ్రెంచి గణితవేత్త ఫెర్మాది. 1637 ప్రాంతంలో డయొఫాంటస్ అంకగణిత గ్రంథపు ప్రతిలో ఆయన ఒక సిద్ధాంతాన్ని అంచున రాసి, దాని ఉపపత్తికి ఆ అంచు చాలదని పేర్కొన్నాడు. ఆ ఉపపత్తి కోసం గణితవేత్తలు మూడు శతాబ్దాలకు పైగా శ్రమించారు. 1995లో ఆండ్రూ వైల్స్ ప్రచురించిన పత్రాలతో అది పూర్తయింది. ఇక్కడ మనం గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఫెర్మా స్వయంగా రాసిన ఆ ప్రతి నేడు లేదు. ఆయన కుమారుడు 1670లో అంచురాతలతో సహా ఆ గ్రంథాన్ని మళ్లీ అచ్చువేయించడం వల్లనే అది లోకానికి తెలిసింది. అంచురాత దానంతట అది బతకదు. ఎవరో ఒకరు గుర్తించి ఎత్తిరాయాలి.

6. టిప్పణి భాష, వ్యావహారిక వాదం

అంచురాతలకు, టీకలకు మరొక ప్రాధాన్యం ఉంది. కావ్యకర్త లక్షణబద్ధమైన భాషలో రాస్తాడు. ఆ కావ్యానికి అర్థం చెప్పే పండితుడు శిష్యునితో మాట్లాడే భాషకు దగ్గరగా వస్తాడు. వ్యాకరణానికి వెరవకుండా తెలుగు వచనం కదలాడిన చోట్లలో పాతకాలపు టీకలు, వ్యాఖ్యానాలు ముఖ్యమైనవి. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషావాదానికి ఈ సామగ్రిని బలమైన సాక్ష్యంగా వాడుకున్నారు. గ్రాంథికాన్ని సమర్థించే పండితుల పూర్వికులే తమ వ్యాఖ్యానాలలో వాడుకరూపాలను నిస్సంకోచంగా రాశారని ఉదాహరణలతో చూపారు. ఆయన కూర్చిన గద్యచింతామణి ఈ దృష్టితో చదవదగిన గ్రంథం. 1936లో పర్లాకిమిడి విడిచిన తరువాత గిడుగు రాజమహేంద్రవరంలోనే స్థిరపడ్డారు.

ఆ వివాదంలో గ్రాంథికపక్షానికి అండగా నిలిచిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో మద్రాసులో ఏర్పడి, తరువాత కాకినాడకు తరలివచ్చింది. జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో అది తాళపత్ర గ్రంథాలను విస్తారంగా సేకరించింది, పిఠాపురం మహారాజు ఆదరణతో సూర్యరాయాంధ్ర నిఘంటువును సంకల్పించింది. గ్రాంథికభాషను నిలబెట్టడానికి సేకరించిన ఆకట్టలలోనే వాడుకభాషకు సాక్ష్యమిచ్చే టీకలు కూడా భద్రపడే వీలు కలిగింది. సేకరించినవారి సిద్ధాంతం ఏదైనా సేకరణ అందరికీ పనికివస్తుంది. మూలాన్ని మాత్రమే ఎత్తిరాసి టీకను, టిప్పణిని వదిలివేస్తే భాషాచరిత్రకు ఆధారమయ్యే భాగాన్నే పోగొట్టుకుంటాం.

7. ఉమ్మడి పుస్తకం: గ్రంథాలయోద్యమం తెచ్చిన నియమం

అచ్చు వచ్చిన తరువాత టీకాతాత్పర్యాలు పుటలోనే భాగమయ్యాయి. మద్రాసులో వావిళ్ల వారు, రాజమహేంద్రవరంలో కొండపల్లి వీరవెంకయ్య, అద్దేపల్లి వంటి ప్రచురణసంస్థలు పుస్తకాన్ని సామాన్య గృహాలకు చేర్చాయి. ఒక ఆకుకట్టను వంశమంతా దాచుకునే స్థితి నుంచి ఒకే ముద్రణలో ఎన్నో ప్రతులు దొరికే స్థితి ఏర్పడింది. అయినా పుస్తకం కొనగలిగినవారు కొద్దిమందే. ఈ లోటును తీర్చడానికి పుట్టినదే గ్రంథాలయం.

రాజమహేంద్రవరంలో నాళం కృష్ణారావు 1898లో వడ్డాది సుబ్బారాయుడు పేర వాసురాయ గ్రంథాలయాన్ని ప్రారంభించారు. తరువాత అది, రత్నకవి గ్రంథాలయం కలిసి గౌతమీ గ్రంథాలయం అయ్యాయి. తూర్పుగోదావరి జిల్లాకు చెందిన అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడి ఉద్యమం రాష్ట్రమంతా విస్తరించింది. కులం వల్ల, పేదరికం వల్ల, స్త్రీలు కావడం వల్ల పుస్తకానికి దూరమైనవారికి అది ద్వారం తెరిచింది.

పుస్తకంలో గీతలు గీయరాదనే నియమానికి నేడున్న బలం ఇక్కడ నుంచి వచ్చినది. సొంత పుస్తకంలో రాసుకునేవాడు తనకోసమే రాసుకుంటాడు. ఉమ్మడి పుస్తకంలో రాసేవాడు తన తరువాత చదివే వందమంది కళ్లముందు రాస్తాడు. ఒకరికి ముఖ్యమనిపించిన వాక్యం కింద గీత ఉంటే, రెండవవాడు తెలియకుండానే ఆ గీత వెంట నడుస్తాడు. మరొక ప్రతి కొనుక్కునే స్తోమత లేని పాఠకునికి శుభ్రమైన పుట దక్కడం సమానత్వానికి సంబంధించిన విషయం. పుస్తకాలు ఉపయోగానికే ఉన్నాయని, ప్రతి పాఠకునికీ తగిన పుస్తకం అందాలని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో సూత్రీకరించారు. ఉపయోగించేవాడు గీత గీయక మానడు, ప్రతి పాఠకుడూ గీతలేని పుటను కోరక మానడు. ఈ సూత్రాల మధ్య ఉన్న ఒరిపిడి పుస్తకపు అంచునే కనిపిస్తుంది.

రాయవద్దని చెప్పే గ్రంథాలయమే పుస్తకంమీద అందరికన్నా ఎక్కువగా రాస్తుందన్న సంగతిని కూడా గమనించాలి. ముద్రలు, చేరికసంఖ్య, వర్గసంఖ్య, దాత పేరు, తేదీల చీటీ - ఇవన్నీ సంస్థ రాసిన అంచురాతలే. తేదీల చీటీ ఒక పుస్తకం ఏ ఏళ్లలో చేతులు మారిందో, ఎప్పుడు మూలపడిందో చెప్పే పఠనచరిత్ర. కంప్యూటరు నమోదు వచ్చాక పాత చీటీలను చించివేయడం వల్ల ఆ చరిత్ర పోతున్నది.

8. విద్యార్థి పెన్సిలు, ఆచార్యుని ప్రతి

తరగతిలో పద్యం చెబుతున్నపుడు విద్యార్థులు పదాలమీద చిన్న అక్షరాలతో అర్థాలు రాసుకోవడం తెలుగు బోధకులందరికీ పరిచితమైన దృశ్యం. తాళపత్రం మీద పంక్తుల నడుమ అర్థం రాసుకున్న పాఠకునికి, ఈ విద్యార్థికి పనిముట్టులోనే భేదం. సగం ధరకు చేతులు మారే పాఠ్యపుస్తకంలో ముందు తరగతివారి గీతలు కొందరికి ఇబ్బంది, కొందరికి ఆకర్షణ. పరీక్షకు వచ్చే ప్రశ్నల గుర్తులు ఉన్న ప్రతికి గిరాకీ ఉంటుంది. అటువంటి గీతలు చదువుకు సహాయపడతాయా, చదువును ఎగరగొడతాయా అన్నది బోధకుడు ఆలోచించవలసిన ప్రశ్న. గీత ఎంపికను చూపుతుంది, కారణాన్ని చూపదు. గీతకు బదులు ఒక మాట, ఒక సందేహం, ఒక పోలిక రాయడం నేర్పినపుడే అంచు ఆలోచనకు వేదిక అవుతుంది.

ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్ మిత్రుల పుస్తకాలను ఎరువు తీసుకొని విరివిగా టిప్పణులు రాసి తిరిగి ఇచ్చేవాడు. దానివల్ల పుస్తకం విలువ పెరిగి వచ్చిందని చార్లెస్ లాంబ్ 1820లో ఒక వ్యాసంలో మెచ్చుకున్నాడు. ఎరువిచ్చిన పుస్తకం తిరిగి రాదని చెప్పుకునే మన సమాజంలోనూ పండితుని సొంతప్రతికి అటువంటి గౌరవం ఉంది. దశాబ్దాలపాటు ఒక కావ్యాన్ని బోధించిన ఆచార్యుని ప్రతిలో ప్రతిపదార్థాలు, అలంకార నిర్ణయాలు, ఇతర కావ్యాలతో పోలికలు, అచ్చుతప్పుల సవరణలు పోగుపడతాయి. ఆయన ప్రచురించని వ్యాఖ్యానం అదే. ఆయన తదనంతరం ఆ పుస్తకాలు తూకానికి పోతే, ఆ వ్యాఖ్యానం ఏకైక ప్రతితో సహా నశిస్తుంది. అచ్చుపుస్తకం మరొకటి దొరుకుతుంది, చేతిరాత దొరకదు.

9. నాశనకారణాలు, నమోదు పద్ధతి

డెల్టాలోని తేమ, చెదలు, వరదలు పుస్తకానికి సహజశత్రువులు. నీటిలో కరిగే సిరారాత తడిసినపుడు చెదిరిపోతుంది. పెన్సిలు గీత నీటికి కరగదు, కానీ ఒరిపిడికి చెరుగుతుంది. కొన్ని పాతరకం ఇనుపసిరాలు కాలక్రమంలో కాగితాన్నే తినివేస్తాయి. రంగుగీతల పెన్నుల రంగు వెలిసిపోతుంది, రెండవవైపుకు కూడా దిగుతుంది. రాతప్రతుల భండారాలు పాఠకులకు పెన్సిలు మాత్రమే అనుమతించడంలోని కారణం ఇదే.

వీటికన్నా గమనించవలసినవి సంరక్షణ పేరుతో జరిగే నష్టాలు. పాత పుస్తకాన్ని మళ్లీ బైండు చేసేటపుడు అంచులను యంత్రంతో కత్తిరిస్తారు. అంచురాతల చివరి అక్షరాలు ఆ కోతలో పోతాయి. స్కానింగులో నలుపుతెలుపులుగా మాత్రమే బిగిస్తే పలుచని పెన్సిలు రాత మాయమవుతుంది. పుట శుభ్రంగా కనబడాలని అంచులు తీసివేసినా అదే ఫలితం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా అందుబాటులోకి వచ్చిన తెలుగు పుస్తకాలలో ముద్రలు, సంతకాలు, దిద్దుబాట్లు ఎన్నో కనిపిస్తాయి. అయితే గ్రంథసూచికలో వాటి ప్రస్తావన లేనందువల్ల వెతికేవారికి అవి దొరకవు. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ పరిధి రాతప్రతులకు సంబంధించినది. చేతిరాత ఉన్న అచ్చుపుస్తకం రాతప్రతుల శాఖకూ చెందక, సాధారణ పుస్తకంగా మిగిలిపోతున్నది.

ఈ సామగ్రిమీద పనిచేయదలచిన పరిశోధకులు కింది అంశాలను నమోదు చేయడం ఉపయుక్తం.

అ) రాత రకం: స్వామ్యలేఖనం, సవరణ, అర్థం, వ్యాఖ్య, చదివిన గుర్తు, గ్రంథంతో సంబంధం లేని నమోదు (జననమరణాలు, అప్పులు, వరదలు మొదలైనవి).

ఆ) రాత స్థానం, పనిముట్టు, లిపిరీతి. ఒకే ప్రతిలో ఎన్ని చేతులు కనిపిస్తున్నాయో విడదీసి చూపడం.

ఇ) కాలపరిమితి. అచ్చుపుస్తకంలోని రాత ముద్రణసంవత్సరానికి తరువాతిదే అయి ఉండాలి. గ్రంథాలయ ముద్రలు, దాత వివరాలు రెండవ హద్దును ఇవ్వవచ్చు.

ఈ) వ్యక్తినిర్ధారణ. సంతకం ఉన్నంతమాత్రాన టిప్పణులన్నీ ఆ వ్యక్తివే అనరాదు. తెలిసిన చేతిరాతతో పోల్చిన తరువాతే పేరు చెప్పాలి.

ఉ) మర్యాద. కుటుంబ విషయాలు ఉన్నచోట వారసుల అనుమతి లేకుండా ప్రచురించరాదు.

10. ముగింపు

1. పుస్తకంలో రాయడం పట్ల తెలుగువారిలో ఉన్న వ్యతిరేకతకు మూడు వేర్వేరు మూలాలున్నాయి: పవిత్రభావన, ధారణకు ఇచ్చిన ప్రాధాన్యం, ఉమ్మడి ఆస్తిపట్ల బాధ్యత. వీటిలో మూడవది మాత్రమే రాతను నేరుగా నిషేధిస్తుంది.

2. హంసపాదం, టీక, పాఠాంతరం వంటి వ్యవస్థలు పాఠకుని చేతిరాతను సంప్రదాయం ఆమోదించిందని నిరూపిస్తున్నాయి. ఆ ఆమోదం శ్రద్ధకు లోబడినది.

3. అంచురాత మూలంలో చేరే తీరు పద్యవచనాలలో వేర్వేరుగా ఉంటుంది. పాఠపరిష్కర్త ఈ భేదాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

4. గ్రంథాలయ పుస్తకాన్ని శుభ్రంగా ఉంచాలనే నియమం సమానత్వ దృష్టితో న్యాయమైనది, దానిని సడలించనక్కరలేదు. అయితే ఇప్పటికే రాత ఉన్న పాత ప్రతులకు ఆ నియమాన్ని వర్తింపజేసి చెరపడం, కత్తిరించడం, తొలగించడం చరిత్రాధారాన్ని నాశనం చేయడమే.

5. గౌతమీ గ్రంథాలయం, బొమ్మూరులోని తెలుగు విశ్వవిద్యాలయ సాహిత్యపీఠం, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కలిసి ఈ ప్రాంతంలోని పండితుల సొంతప్రతులను గుర్తించి, అంచులతో సహా రంగులలో స్కాన్ చేసి, సూచికలో ప్రత్యేక గుర్తుతో చేర్చితే తెలుగు పఠనచరిత్రకు పునాది పడుతుంది.

ఇది ఆలస్యాన్ని భరించే పని కాదు. తెలుగు బోధించి విరమించిన పెద్దల ఇళ్లలో ఆ ప్రతులు ఇంకా ఉన్నాయి. వాటి అంచులలోని సంకేతాలకు, పొడి అక్షరాలకు అర్థం చెప్పగలవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారిని అడిగి రాసుకోవడంతో పరిశోధన మొదలు కావాలి.